లోకల్ ట్రైలర్‌ని నాగ్‌పూర్ పంపాలి, ముందుగా ఏమేం చూడాలి?

గాజువాక ట్రైలర్
అందరికీ నమస్కారం. మాది రెండు యాక్సిళ్ల హార్సు (ఇంజిను, క్యాబిన్ ఉండే ముందు బండి), వెనక మూడు యాక్సిళ్ల 40 అడుగుల ఫ్లాట్ బెడ్. సరుకుతో కలిపి మొత్తం 45.5 టన్నుల పాసింగ్. ఇన్నాళ్లూ విశాఖ పోర్టుకీ కంటైనర్ యార్డుకీ మధ్య తిరిగిన బండి, జిల్లా దాటింది లేదు. ఇప్పుడు వైర్ రాడ్ (ఉక్కు తీగ) చుట్టలు నాగ్‌పూర్ వేసే పని దొరికింది. సాలూరు, కోరాపుట్, జగదల్‌పూర్, రాయ్‌పూర్ మీదుగా దాదాపు 850 కిలోమీటర్లు. వచ్చే వారం లోడింగ్.

హార్సుకి ఇంజినాయిలు, ఫిల్టర్లు, కూలెంట్, బెల్టులు అన్నీ అయ్యాయి. బీఎస్6 బండి కాబట్టి యాడ్‌బ్లూ (పొగని శుద్ధి చేసే ద్రవం) కూడా నింపించాను. క్లచ్ బాగుంది. ఇంకేమైనా మిగిలిందా? డ్రైవరు పాతవాడే, నమ్మకస్తుడు. కానీ నిండు లోడుతో ఘాట్ దిగిన అలవాటు లేదు. నాకున్న టెన్షన్ అదే.

సాలూరు లారీ
బాబూ, నువ్వు రాసిందంతా హార్సు గురించే. వెనక ట్రైలర్ గురించి ఒక్క ముక్క లేదు. దారిలో ఆగిపోయే బళ్లలో ఇంజిను పోయి ఆగేవి తక్కువ. హబ్బు (చక్రం మధ్యలో బేరింగ్ ఉండే భాగం) కాలిపోయో, లోపలి టైరు పేలిపోయో, ఎయిర్ పైపు తెగిపోయో ఆగేవే ఎక్కువ. అవన్నీ వెనకే ఉంటాయి.

పోర్టులో తిరిగే బండికి వేగం ఉండదు, దూరం ఉండదు. హబ్బు వేడెక్కేలోపే గేటు దగ్గర క్యూలో ఆగి చల్లారిపోతుంది. అందుకే అందులో ఏం తేడా ఉన్నా బయటపడదు. అదే బండి 30 టన్నులు వేసుకుని నాలుగు గంటలు ఆగకుండా పోతే అన్నీ ఒకేసారి బయటపడతాయి.

ఇవి చెప్పు: ట్రైలర్ హబ్బులు విప్పి గ్రీజు మార్చి ఎంతకాలమైంది? హార్సు నుంచి ట్రైలర్ విడదీసి ఎంతకాలమైంది? ఎయిర్ ట్యాంకుల్లో నీళ్లు ఎప్పుడు వదిలారు?

గాజువాక ట్రైలర్
గురువుగారూ, హబ్బులు నేను కొన్నాక విప్పలేదు. విడదీయాల్సిన అవసరమే రాలేదు. నీళ్ల సంగతి డ్రైవర్ని అడగాలి.

ఆటోనగర్ గ్రీజుగన్
అయితే బండి రేపే ఆటోనగర్ తెచ్చేయండి, ఎవరి షెడ్డుకైనా సరే. పని వరస చెప్తాను.

మొదట విడదీయండి. ల్యాండింగ్ లెగ్గులు (ట్రైలర్ ముందు భాగాన్ని నిలబెట్టే కాళ్లు) దించి, ఎయిర్ పైపులు, లైట్ల సెవెన్ పిన్ ప్లగ్గు తీసి, లాక్ లాగి హార్సుని ముందుకు తీయండి. టర్న్ టేబుల్ (హార్సు మీద ట్రైలర్ కూర్చునే పళ్లెం) మీద పాత గ్రీజంతా గోకెయ్యాలి. మన పోర్టు బళ్లకి ఇది మరీ ముఖ్యం. బొగ్గు ధూళి, ఓర్ (ఖనిజం) ధూళి కలిసిన గ్రీజు కింగ్ పిన్నుని (ట్రైలర్ కింద ఉండి టేబుల్ లాక్‌లో పడే పిన్నుని) ఆకురాయిలా అరగదీస్తుంది. పైకి చూస్తే నల్లగా బాగానే ఉన్నట్టుంటుంది, చిటికెడు తీసి రెండు వేళ్ల మధ్య రుద్దితే గరగరమంటుంది.

గోకాక కింగ్ పిన్నుకి వెర్నియర్ పెట్టించండి. మామూలు రెండంగుళాల పిన్ను కొత్తలో 50.8 మిల్లీమీటర్లు. 49కి వచ్చిందంటే మార్చెయ్యాల్సిందే. ఒక్కచోట కొలిస్తే చాలదు, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవాలి. అరుగుదల ఒక పక్కే ఉంటుంది. పిన్ను చుట్టూ ప్లేటు వెల్డింగ్‌లో పగుళ్లు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి.

తిరిగి తగిలించాక లాక్ పడిన చప్పుడు విని వదిలెయ్యకండి. కిందికి దూరి టార్చితో చూడాలి, లాక్ దవడ పిన్ను వెనక పూర్తిగా మూసుకుందా, ప్లేటుకీ టేబుల్‌కీ మధ్య సందు లేకుండా ఉందా అని. ఆ తర్వాత ట్రైలర్ బ్రేకు పట్టి, లో గేర్‌లో హార్సుని మెల్లగా ముందుకి లాగి చూడాలి. ఈ లాగుడు చూడకుండా లెగ్గులు ఎత్తితే ట్రైలర్ నేలకి దిగిన సందర్భాలున్నాయి.

మధురవాడ మావయ్య
లెగ్గులు పూర్తిగా ఎత్తి హ్యాండిల్ కొక్కేనికి తగిలించమని చెప్పండి. సగం ఎత్తి వెళ్లిపోయేవాళ్లు చాలామంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఊడొస్తాయి.

ఆటోనగర్ గ్రీజుగన్
నిజమే మావయ్యగారూ.

ఇక బ్రేకులు. ఆరు చక్రాల దగ్గరా గాలితో బ్రేకుని నెట్టే ఆరు బూస్టర్లు ఉంటాయి. గాలి నిండా ఎక్కించి, ఒక్కో పుష్ రాడ్ మీద బూస్టర్ మూతి దగ్గర సుద్దముక్కతో గీత పెట్టండి. ఒకరు క్యాబిన్‌లో బ్రేకు తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు ఆ గీత ఎంత బయటికి వచ్చిందో స్కేలుతో కొలవాలి. ఆరూ దాదాపు ఒకేలా రావాలి. ఒకటి ఎక్కువ జరిగిందంటే ఆ చక్రం బ్రేకు ఆలస్యంగా పడుతుంది, మిగతా అయిదింటి మీద భారం పడుతుంది. స్లాక్ అడ్జస్టర్ (బ్రేకు సందు సరిచేసేది) బిగించేటప్పుడు బ్రేకు లైనరు డ్రమ్ముకి తగిలేదాకా తిప్పి, చక్రం చేత్తో స్వేచ్ఛగా తిరిగేంత వదలాలి. ఘాట్ ఉంది కదా అని బిర్రుగా బిగిస్తే ప్లెయిన్ రోడ్డు మీదే డ్రమ్ములు కాలిపోతాయి.

ట్యాంకుల్లో నీళ్లు తప్పకుండా వదలాలి. మన విశాఖ గాలికి ట్యాంకులో చేరేంత నీరు లోపలి ఊళ్లలో చేరదు. ఎర్రటి తుప్పు నీళ్లు వస్తే ఆశ్చర్యపోవద్దు. నూనె కూడా కలిసి వస్తే మాత్రం కంప్రెసర్, ఎయిర్ డ్రయర్ చూపించండి.

సింధియా కుర్రోడు
ఎర్ర పైపు, పసుపు పైపు మార్చి తగిలిస్తే ఏమవుతుంది బ్రో? మా బండికి రెండూ నల్లగా అయిపోయాయి, ఏది ఏదో తెలీదు.

ఆటోనగర్ గ్రీజుగన్
ఎర్రది సప్లై లైను, ట్రైలర్ ట్యాంకు నిండేది దాంతోనే. అది తెగితే ట్రైలర్ బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. పసుపుది నువ్వు పెడల్ తొక్కినప్పుడు సంకేతం పట్టుకెళ్లేది. మార్చి తగిలిస్తే ట్రైలర్ బ్రేకు వదలదు, లేదా వేళకి పట్టదు. ఇవాళే రెండు చివర్లకీ రంగు టేపు చుట్టు. రబ్బరు వాషర్లు కూడా మార్చు, చవకే.

టైరు తాత
ఎవరూ టైర్ల జోలికి రాలేదేం? పన్నెండు టైర్లున్నాయి వెనక.

జంట టైర్లలో లోపలిది చూడటానికి బద్ధకిస్తారు. బయటిది నిలబెట్టేస్తుంది కాబట్టి లోపలిది గాలి పోయినా బండి వాలదు. నలిగి, రుద్దుకుని, వేడెక్కి, ఎక్కడో కాంకేర్ దగ్గర పొగ వస్తుంది. టైరు మంట ఆర్పడం మాటలు కాదు. కాబట్టి పొద్దున్నే బండి కదలకముందు, చల్లగా ఉన్నప్పుడు గేజీ పెట్టి పన్నెండూ కొలవాలి. లివరుతో కొట్టి చప్పుడు వినడం దారిలో పనికొస్తుంది, బయలుదేరే రోజు మాత్రం గేజీయే. ఎంత గాలి అన్నది టైరు పక్కన రాసిన అంకెనీ, వేసే లోడునీ బట్టి. లోపలి వాల్వుకి గొట్టం పొడిగింపు లేకపోతే వేయించు, లేకుంటే డ్రైవరు ఎలాగూ చూడడు.

రెండోది, జంటలో ఒకటి కొత్తది, ఒకటి అరిగినది వేయకు. ఎత్తు ఎక్కువున్నదే బరువంతా మోసి చస్తుంది. యార్డు రాళ్లు రెండు టైర్ల మధ్య ఇరుక్కుని ఉంటాయి, అవి తీయించు. చట్టం ప్రకారం గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు. వానలో కేశ్‌కాల్ ఘాట్ దిగేవాడికి మాత్రం అది చాలదు.

సింధియా కుర్రోడు
రీట్రెడ్ టైర్లు (పాత టైరుకి కొత్త తొక్క వేసినవి) వేస్తే ఏమవుతుంది తాతా? మా ఓనరు అన్నీ అవే అంటాడు.

టైరు తాత
ట్రైలర్‌కి మంచి రీట్రెడ్ పెట్టుకో, తప్పులేదు. స్టీరింగ్ యాక్సిలుకి మాత్రం వద్దు. తొక్క ఊడటానికి రీట్రెడ్డే కారణం అనుకుంటారు. గాలి తక్కువ పెట్టి ఎక్కువ లోడు వేస్తే కొత్త టైరైనా అంతే.

సాలూరు లారీ
తాతతో నాకు సగమే ఒప్పుదల. ఎండాకాలం బస్తర్ రోడ్డు మీద నిండు లోడుతో రీట్రెడ్ నేను వేయను. మలుపుల్లో ఈడ్చుకుపోయేవి, ఎక్కువగా కోసుకుపోయేవి ట్రైలర్ మొదటి, మూడో యాక్సిళ్ల టైర్లే, వాటికి అసలు వేయను.

టైరు తాత
నీ డబ్బు, నీ ఇష్టం 😀

బుకింగ్ కౌంటర్ అక్క
మీ మెకానికల్ గొడవ మధ్యలో కాగితాలు మర్చిపోకండి. లాంగ్ లైనులో మొదటిసారి వెళ్లే బండికి ఎక్కువగా దెబ్బ పడేది ఇక్కడే.

హార్సుకి వేరే నంబరు, ట్రైలర్‌కి వేరే నంబరు. కాబట్టి ఆర్‌సీ రెండు, ఫిట్‌నెస్ రెండు, ఇన్సూరెన్స్ రెండు. హార్సు కాగితాలన్నీ ఫోన్లో పెట్టుకుని ట్రైలర్ ఫిట్‌నెస్ ఎప్పుడో అయిపోయిన సంగతి చూసుకోనివాళ్లు బోలెడుమంది. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. లోకల్‌గా తిరిగిన బండి అంటున్నారు, నేషనల్ పర్మిట్ ఉందా? ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, నాలుగు రాష్ట్రాలు.

ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే బిల్లు) 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున చెల్లుతుంది. 850 అంటే అయిదు రోజులు. లోడై గేటు దాటడం ఆలస్యమైతే బిల్లులో పార్ట్ బీ (బండి వివరాలు) ఎప్పుడు నింపారో చూసుకోండి, గడువు లెక్క అక్కడి నుంచే.

బరువు సంగతి: రెండు టైర్ల ముందు యాక్సిలుకి 7 టన్నులు, హార్సు వెనక యాక్సిలుకి 11.5, ట్రైలర్ మూడు యాక్సిళ్లకి కలిపి 27. మొత్తం 45.5. ఇది 2018లో పెంచిన లెక్క. మొత్తం సరిపోయినా ఒక యాక్సిలు మీద ఎక్కువ పడితే బండికి అదీ నష్టమే. ఓవర్‌లోడ్‌కి 20,000 జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకీ 2,000. అదనపు సరుకు అక్కడే దింపించాలి. ఖాళీ బండి కాటా ముందే వేయించి పెట్టుకోండి, లోడింగ్ దగ్గర వాదన ఉండదు.

గాజువాక ట్రైలర్
మేడమ్, ట్రైలర్ ఇన్సూరెన్స్ ఉంది. ఫిట్‌నెస్ ఇంకో నాలుగు నెలలుంది. పర్మిట్‌కి అప్లై చేశాను. ఫాస్టాగ్ హార్సుకే కదా?

బుకింగ్ కౌంటర్ అక్క
అవును, హార్సుకే. కానీ ట్యాగు తీసుకున్నప్పుడు యాక్సిళ్ల క్లాసు సరిగా పడిందో లేదో చూసుకోండి. మీది మొత్తం అయిదు యాక్సిళ్లు. తేడా ఉంటే టోల్ దగ్గర పక్కకి లాగి కూర్చోబెడతారు.

భీమిలి పడవ
మధ్యలో దూరుతున్నా, ఏమీ అనుకోకండి. నాది చిన్న సమస్య. పికప్ వెనక ఫైబర్ తెప్ప ట్రైలర్ కట్టి భీమిలి నుంచి కాకినాడ తీసుకెళ్లాలి. 60 దాటితే వెనక తోక ఆడించినట్టు ఊగుతోంది.

ఆటోనగర్ గ్రీజుగన్
తెప్ప ఇంజిను వెనక వేలాడుతోందా? బరువంతా వెనక్కి పోయి ఉంటుంది. కొక్కెం మీద ట్రైలర్ మొత్తం బరువులో కనీసం పదోవంతు పడాలి. తెప్పని ముందుకి జరపండి, ఇంధనం డబ్బాలు, వలలు ముందువైపు పెట్టండి. ఊగడం మొదలైతే బ్రేకు తొక్కకండి, యాక్సిలరేటర్ వదిలి స్టీరింగ్ నిటారుగా పట్టుకోండి. తెప్ప దింపేటప్పుడు చక్రాలు సముద్రపు నీళ్లలో మునుగుతాయి కాబట్టి బేరింగ్ గ్రీజు మార్చకుండా కాకినాడ దాకా పోవద్దు. మీకు వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

గాజువాక ట్రైలర్
అప్‌డేట్. రెండు రోజులు ఆటోనగర్‌లోనే ఉన్నాం. కింగ్ పిన్ను 50కి పైనే ఉంది, పరవాలేదు. టర్న్ టేబుల్ మీద గ్రీజు నిజంగానే గరగరమంది. బ్రేకుల్లో ఎడమ చివరి చక్రం గీత మిగతా వాటికంటే బాగా ఎక్కువ జరిగింది, స్లాక్ అడ్జస్టర్ లోపల అరిగిపోయిందట, మార్చారు.

హబ్బులు విప్పితే కుడి మధ్య చక్రంలో సీలు పోయింది. గ్రీజు కారి లైనరు మీదికి వచ్చేసింది. బేరింగ్ రోలర్లు నీలంగా మారాయి. మెకానిక్ అది అరచేతిలో పెట్టి చూపించాడు. లోపల మిగిలిన గ్రీజు తారులా గట్టిపడింది. బేరింగు, సీలు, ఆ యాక్సిలు రెండు వైపులా లైనర్లు కొత్తవి వేశాం. ఈ హబ్బుతో సాలూరు దాకా కూడా చేరేవాడిని కాదన్నాడు.

సాలూరు లారీ
నీలం వచ్చిందంటే అప్పటికే ఒకసారి కాలింది. సరే, పోయింది. ఇప్పుడు నేరుగా నాగ్‌పూర్ పంపకు. ఏదైనా లోడు వేసి అనకాపల్లి, ఆనందపురం బైపాస్ మీద ఒకసారి అటూ ఇటూ తిప్పు. సబ్బవరం దగ్గర ఆపి ఆరు హబ్బుల దగ్గరా చెయ్యి పెట్టి చూడు. అన్నీ ఒకేలా వెచ్చగా ఉండాలి. ఒకటి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగ్ బిగింపు ఎక్కువైంది. చక్రాలు విప్పారు కాబట్టి నట్లు 50, 100 కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించాలి. బిగించాక ప్రతి నట్టు మీదుగా రిమ్ము మీదికి పెయింటు గీత పెట్టించు. నట్టు వదులైతే గీత విరిగి కనిపిస్తుంది, డ్రైవరు నడుస్తూనే చూసుకోవచ్చు.

మధురవాడ మావయ్య
లైట్లు కూడా ఆ రాత్రే చూసెయ్యండి. ఉప్పు గాలికి ప్లగ్గు పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. ఇండికేటర్ వేస్తే వెనక టెయిల్ లైటు కూడా మిణుకుమంటే ఎర్త్ వైరు సరిగా లేదని అర్థం. రిఫ్లెక్టర్ టేపు ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు. ధూళి పట్టి కనబడకపోతే ఉన్నా లేనట్టే, తడిగుడ్డతో తుడవండి.

కూర్మన్నపాలెం లోడింగ్
చుట్టల గురించి నేను చెప్తాను. మాది ఇదే పని.

వైర్ రాడ్ చుట్ట ఒక్కోటి టన్ను పైనే, గుండ్రంగా ఉంటుంది కాబట్టి దొర్లుతుంది. ప్రతి చుట్ట కిందా రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టి మేకులు కొట్టాలి. గొలుసు చుట్ట కంటిలోంచి తీసి బెడ్ పక్క కొక్కేలకి కట్టాలి. పైనుంచి ఒక్క తాడు వేసి కట్టామనిపించే కట్టుబడి ఘాట్‌లో నిలవదు. కొత్త చుట్ట వదులుగా ఉంటుంది, కుదుపులకి అణుగుతుంది. అందుకే కట్టిన గొలుసు విజయనగరం చేరేసరికే వదులైపోతుంది. అక్కడ ఆపి మళ్లీ బిగించాలి, సాలూరులో ఘాట్ ఎక్కేముందు మరోసారి.

లోడు అంతా ముందుకి తోస్తే హార్సు వెనక యాక్సిలు 11.5 దాటుతుంది. అంతా వెనక్కి వేస్తే హార్సు తేలిపోయి ఎక్కుడులో చక్రాలు జారతాయి. డ్రైవరు లోడింగ్ దగ్గర నిలబడి చెప్పాలి. క్యాబిన్లో పడుకుని ఉంటే మావాళ్లు వాళ్లకి వీలైన చోట వేసేస్తారు, మొహమాటం లేకుండా చెప్తున్నా.

సింధియా కుర్రోడు
ఘాట్ దిగేటప్పుడు నేను చేతి వాల్వుతో ట్రైలర్ బ్రేకు ఒక్కటే పట్టుకుని దిగుతా. హార్సు బ్రేకు చల్లగా ఉంటుంది. ఇది బెస్ట్ మెథడ్.

సాలూరు లారీ
నాయనా, ఈ అలవాటు మానుకో. 45 టన్నుల్ని మూడు యాక్సిళ్లతో ఆపుతున్నావు. సగం దిగేసరికి ఆ ఆరు డ్రమ్ములూ కాలి, లైనరు పట్టు వదిలేస్తుంది. అప్పుడు హార్సు బ్రేకు ఒక్కటే మిగులుతుంది. దాన్ని గట్టిగా తొక్కితే ట్రైలర్ వెనకనుంచి నెట్టి బండిని మడతపెట్టేస్తుంది. తడి రోడ్డయితే చెప్పనక్కర్లేదు.

పద్ధతి ఇది. దిగుడు మొదలవ్వకముందే గేరు తగ్గించు. ఎక్కిన గేరులోనో, ఇంకా ఒకటి తక్కువలోనో దిగు. ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజిను పొగని అడ్డుకుని వేగం తగ్గించేది) వేసి ఉంచు. వేగం పెరిగినప్పుడు కాలి బ్రేకు గట్టిగా ఒకసారి తొక్కి, వేగం తగ్గించి, వదిలెయ్యి. కాలు ఆనించి ఉంచకూడదు. దిగుడులో గేరు మార్చబోతే న్యూట్రల్‌లో ఇరుక్కుంటావు. డీజిల్ ఆదా అని న్యూట్రల్‌లో దిగేవాళ్ల గురించి నేను మాట్లాడను.

డ్రమ్ము కాలితే నీళ్లు పోయకండి, పగులుతుంది. ఆపి, చక్రాలకి ఊతరాళ్లు పెట్టి, వాటంతటవే చల్లారనివ్వాలి. వెళ్లేటప్పుడు ఆ రాళ్లు రోడ్డు మీద వదిలెయ్యకండి బాబూ, వెనక బైకు మీద వచ్చేవాడి ప్రాణం పోతుంది.

గాజువాక ట్రైలర్
సాలూరు నుంచి ఒడిశాలోని సుంకి వైపు మాకు ఎక్కుడే కదా గురువుగారూ? దిగుడు తిరుగు ప్రయాణంలోనా?

సాలూరు లారీ
ఎక్కువ భాగం ఎక్కుడే. పైకి చేరాక కోరాపుట్ నుంచి ఒడిశాలోనే ఉన్న జైపూర్ (జయపురం) వైపు దిగుడుంది. జగదల్‌పూర్ దాటాక కేశ్‌కాల్ ఘాట్ వస్తుంది, రాయ్‌పూర్ వైపు పోయేవాళ్లకి అది దిగుడే. మలుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి, ట్రైలర్ తిరగాలంటే ఎదుటి బండి ఆగాలి. ఒక్క బండి అడ్డం పడితే గంటలు గంటలు జామ్. పగలు దాటేలా చూసుకో. తిరుగులో లోడు దొరికితే సుంకి నుంచి సాలూరు దిగుడే అన్నిటికంటే కష్టం.

డ్రైవర్ని ఒక్కణ్ణే పంపకు. ఘాట్ తెలిసినవాణ్ణి రెండో డ్రైవరుగా పంపు. చట్టం ఒక మనిషికి రోజుకి ఎనిమిది గంటలే అంటుంది, అయిదు గంటలకోసారి అరగంట విశ్రాంతి. ఇద్దరుంటేనే అది కుదిరేది. డీజిల్ ఇక్కడ నిండా కొట్టించకు. ఒడిశాలో, ఛత్తీస్‌గఢ్‌లో మనకంటే చవక, సుంకి దాటాక కొట్టించు.

టైరు తాత
స్టెప్నీలు రెండు వేసుకో. జాకీ కింద వేయడానికి మందపాటి చెక్క మర్చిపోకు, ఎండకి మెత్తబడిన తారులో జాకీ దిగిపోతుంది.

ఆటోనగర్ గ్రీజుగన్
సంచిలో: బూస్టర్ రబ్బర్లు రెండు, ఒక ఎయిర్ పైపు, హబ్బు సీలు, బేరింగు ఒక సెట్టు, 24 వోల్టుల బల్బులు, ఫ్యూజులు, ఇన్సులేషన్ టేపు. మీ యాక్సిలు ఏ కంపెనీదో చూసి ఆ నంబరు సీలే కొనండి. దారిలో సైజు దొరక్క రోజంతా ఆగిన బళ్లున్నాయి.

గాజువాక ట్రైలర్
బైపాస్ మీద తిప్పి చూశాం. హబ్బులు ఆరూ ఒకేలా వెచ్చగా ఉన్నాయి. నట్లు మళ్లీ బిగిస్తే వాటిలో మూడు నట్లు పావు తిప్పు దాకా తీసుకున్నాయి. పెయింటు గీతలు పెట్టించాం. సాలూరు నుంచే ఘాట్ తెలిసిన డ్రైవరు దొరికాడు, అక్కడే ఎక్కుతాడు. పర్మిట్ వచ్చింది. లోడింగ్ గురువారం. కేశ్‌కాల్ జామ్‌లో ఇరుక్కుని ఈ-వే బిల్లు అయిపోతే ఏం చేయాలి మేడమ్?

బుకింగ్ కౌంటర్ అక్క
గడువు ముగియడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, ముగిశాక ఎనిమిది గంటల లోపు పొడిగించుకోవచ్చు. బండి ఎక్కడుందో, కారణం ఏమిటో రాయాలి. జామ్ ఫొటో ఒకటి డ్రైవర్ని తీసి పంపమనండి. అడవిలో సిగ్నల్ ఉండకపోవచ్చు కాబట్టి పొడిగించే పని డ్రైవరు మీద పెట్టకండి, బండి నంబరు, బిల్లు నంబరు మీ దగ్గర పెట్టుకుని విశాఖ నుంచి మీరే ఫాలో అప్ చేయండి.

గాజువాక ట్రైలర్
సరే మేడమ్, బిల్లు వచ్చే ఫోను నా దగ్గరే ఉంచుకుంటా. నాగ్‌పూర్ నుంచి తిరుగు లోడు ఇప్పించేవాళ్లు ఎవరైనా తెలిస్తే ఇక్కడే చెప్పండి. లోడు దొరికితే సుంకి దిగుడుకి సాలూరు డ్రైవర్నే స్టీరింగ్ మీద కూర్చోబెడతాను.